దైవీ వీణ, మానుషీ వీణ: శరీరమే వాద్యమైన చరిత్ర



పల్నాటి సీమలో రెంటచింతల అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది ఎండ. వైశాఖ జ్యేష్ఠాలలో పగలంతా నాపరాళ్ళు నిప్పుల వలె కాగుతాయి. సూర్యాస్తమయం తరువాత గాని జనం వీధిలోకి రారు. అందుచేతనే ఇక్కడ వేసవి భజనలు రాత్రివేళ జరుగుతాయి. అటువంటి ఒక రాత్రి ఆలయ ప్రాంగణంలో నామసంకీర్తన సాగుతున్నది. సాగుతున్నది అనడం కంటే వినబడుతున్నది అనడం న్యాయం. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో పాడగా ముద్రించిన పాట ధ్వనివర్ధకంలో మ్రోగుతుండగా మేమందరం చేతులు ముడుచుకొని కూర్చున్నాము. అకస్మాత్తుగా విద్యుత్తు నిలిచిపోయింది. పాట మధ్యలో తెగింది. చీకటి, దానివెంట ఒక విచిత్రమైన నిశ్శబ్దం. భగవంతుని నామం ఆగిపోయినదని గాక, యంత్రం ఆగిపోయినదని అందరం ఎదురుచూస్తున్నాము.

కొంతసేపటికి ఒక వృద్ధమాత రెండు అరచేతులు కలిపి మెల్లగా తాళం వేయడం ప్రారంభించినది. సన్నని కంఠంతో నామం అందుకొన్నది. ప్రక్కనున్న యువకుడు, "అవ్వా, లోపల తాళాలు ఉన్నాయేమో చూసి తెమ్మంటావా?" అని అడిగాడు. "చేతులు ఉన్నాయి కదా నాయనా" అని ఆమె సమాధానం. క్రమంగా ప్రాంగణమంతా చేతుల చప్పుడుతో, కంఠాలతో నిండిపోయినది. విద్యుత్తు తిరిగి వచ్చినది గాని, యంత్రాన్ని మరల నడపాలని ఎవరికీ తోచలేదు.

ఆ రాత్రి మ్రోగిన వాద్యం ఏది? దానిని వాయించినది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకుతూ పోతే వేదకాలం నుండి నేటి పాశ్చాత్య కళాశాలల వరకు విస్తరించిన ఒక చరిత్ర గోచరిస్తున్నది. దానిని జిజ్ఞాసువుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రుతి చెప్పిన వీణ

రెంటచింతల మండలంలోనే కృష్ణాతీరాన సత్రశాల అనే క్షేత్రం ఉన్నది. అక్కడ మల్లికార్జునస్వామి వెలసి ఉన్నాడు. ఆ పేరులోని 'సత్ర' శబ్దం వైదికమైన దీర్ఘయాగాన్ని స్మరింపజేస్తుంది. సంవత్సరకాలం సాగే సత్రయాగంలో చివరిదినానికి ముందుదినం మహావ్రతం. యజ్ఞకర్మలలో ఇంతటి ధ్వనివైభవం కలిగిన దినం మరొకటి అరుదు. నూరు తంత్రులు గల 'వాణం' అనే వాద్యం ఆనాడు మ్రోగుతుంది. నేలలో గొయ్యి తీసి, దానిపై చర్మం బిగించి, భూమినే దుందుభిగా చేసి మ్రోగిస్తారు. నీటికుండలు మోసిన స్త్రీలు మార్జాలీయమనే అగ్నిస్థానం చుట్టూ పాదాలతో భూమిని తాడిస్తూ, గానం చేస్తూ ప్రదక్షిణం చేస్తారు. పాదం, భూమి, కంఠం మూడూ ఒకే వాద్యంలో అంగాలైన దృశ్యం అది.

ఈ మహావ్రతాన్ని వివరించే గ్రంథమే ఋగ్వేదానికి చెందిన ఐతరేయారణ్యకం. దాని తృతీయారణ్యకంలో ఒక అద్భుతమైన ఉపమానం కలదు. అక్కడ రెండు వీణలు చెప్పబడినవి. మొదటిది దైవీ వీణ, అనగా ఈ శరీరం. రెండవది మానుషీ వీణ, అనగా మనుష్యుడు కొయ్యతో నిర్మించినది. దీనికి శిరస్సు ఉన్నట్లే దానికీ శిరస్సు ఉన్నది. దీని ఉదరం వంటిది దాని ధ్వనిగర్భం. దీని జిహ్వ వంటిది దానిని మీటే సాధనం. దీని వ్రేళ్ళ వంటివి దాని తంత్రులు. దీనిలో అచ్చులు, హల్లులు ఉన్నట్లే దానిలో స్వరాలు, స్పర్శలు ఉన్నాయి. ఇది రోమాలతో కూడిన చర్మంచేత కప్పబడి ఉన్నట్లే, పూర్వం వీణలనూ రోమాలతో కూడిన చర్మంతో కప్పేవారని కూడా ఆ గ్రంథం చెబుతున్నది.

ఇక్కడ జిజ్ఞాసువులు గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. సామాన్యంగా మనం "కంఠం వీణ వలె ఉన్నది" అంటాము. వీణను ప్రమాణంగా గ్రహించి కంఠాన్ని దానితో పోల్చుతాము. శ్రుతి దృష్టి దీనికి విపరీతం. శరీరమే మూలం, కొయ్యవీణ దానికి అనుకృతి. దేవుడు చేసిన దానిని చూచి మనుష్యుడు చేసుకొన్నది రెండవది. ఈ దైవీ వీణను ఎరిగినవాని మాట వినదగినదగునని, అతని కీర్తి భూమిని నింపునని ఆరణ్యకం ఫలశ్రుతి చెబుతున్నది. వీణను వాయించగలవానికి అని చెప్పలేదు, ఎరిగినవానికి అని చెప్పినది.

పల్నాటి శిలలో వీణ

ఆరణ్యకం కాలంనాటి వీణ మనం నేడు ఎరిగిన సరస్వతీవీణ కాదు. మెట్లు అమర్చిన నేటి వీణకు స్థిరరూపం ఏర్పడినది తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో, అనగా 17వ శతాబ్దిలో, అని సంగీతచరిత్రకారులు చెబుతారు. ప్రాచీన వీణ విల్లు వలె వంగి, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క తంత్రి చొప్పున కలిగి ఉండేది. దానిని చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. నేటి పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపశిల్పాలలో, ఒడిలో ధనురాకారపు వీణను ఉంచుకొని వాయించే మూర్తులు దర్శనమిస్తాయి. ఆ ఫలకాలు నేడు చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను భద్రపరచబడి ఉన్నాయి.

రెంటచింతల మండలంలోని గోలి గ్రామం వద్ద కూడా ఇటువంటి పల్నాటి సున్నపురాతితో నిర్మించిన స్తూపం ఉండేది. 1926లో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయిల్ దానిని వెలికితీశాడు. వెస్సంతర జాతకాది గాథలు చెక్కిన ఆ శిల్పాలు కూడా చెన్నై చేరాయి. ఈ స్తూపాలు బౌద్ధమతానికి చెందినవి. అయినప్పటికీ వాటిని చెక్కిన చేతులు, ఆ శిల్పాలలో కనిపించే జనజీవనం ఈ కృష్ణాతీరానివే.

ఆ శిల్పాలలోని వీణ కాలక్రమంలో లుప్తమైపోయినది. ఆ తంత్రులను బిగించే విద్య, ఆ చర్మం, ఆ కొయ్య ఏవీ నిలువలేదు. తరువాత వచ్చిన వీణలూ అనేక రూపాలు మార్చుకొన్నాయి. ఒకే పనసమ్రానుతో తొలిచే బొబ్బిలి ఏకాండి వీణ వాటిలో ఒకటి. అనుకృతి మారుతూ వచ్చినది. ఏ దైవీ వీణను చూచి మనుష్యుడు ఆ వాద్యాన్ని చేసుకొన్నాడో, అది మాత్రం ఏ మార్పూ లేక ప్రతి జననంతోను క్రొత్తగా లభిస్తూనే ఉన్నది.

వ్రేళ్ళపై సామం, అరచేతిలో తాళం

దైవీ వీణ కేవలం ఉపమానమై మిగిలిపోలేదు. సామగానం చేసేవారు దానిని అక్షరాలా వాయించారు. సామవేదానికి సంబంధించిన నారదీయశిక్ష గానానికి రెండు వీణలను చెబుతున్నది. ఒకటి దారవీ వీణ, మరొకటి గాత్రవీణ. వీటిలో సామగానానికి చెందినది గాత్రవీణయే. సామగాయకుడు చేతులను మోకాళ్ళపై ఉంచి, వ్రేళ్ళను చాపి, స్వరాలను వ్రేళ్ళపై న్యాసం చేస్తాడు. అంగుష్ఠం అగ్రభాగాన క్రుష్టం, అంగుష్ఠంపై ప్రథమస్వరం, తర్జనిపై గాంధారం, మధ్యమపై ఋషభం, అనామికపై షడ్జం, కనిష్ఠికపై ధైవతం, దాని మూలస్థానంలో నిషాదం. బొటనవ్రేలు ఏ స్థానాన్ని స్పృశిస్తే కంఠం ఆ స్వరాన్ని పలుకుతుంది. కంఠం, చేయి, చెవి, మనస్సు పరస్పరం ఒకదానిని మరొకటి సరిచూచుకొంటూ సాగే విధానం ఇది. అపస్వరం దొర్లితే వ్రేలు పట్టి ఇస్తుంది. వ్రేలు తప్పితే కంఠం చెబుతుంది.

అదే శిక్ష సప్తస్వరాలకు దేహంలో జన్మస్థానాలను కూడా నిర్దేశించినది. షడ్జం కంఠం నుండి, ఋషభం శిరస్సు నుండి, గాంధారం నాసిక నుండి, మధ్యమం వక్షస్సు నుండి, ధైవతం లలాటం నుండి పుడతాయి. పంచమం వక్షస్సు, శిరస్సు, కంఠం ఈ మూడింటి నుండి పుడుతుంది. నిషాదమైతే సమస్త సంధుల నుండి పుడుతుందట. అనగా దేహంలో మ్రోగని కీలు లేదు.

చేతిని స్వరాలకు పీఠంగా చేసుకోవడం ఇతరదేశాలలోనూ జరిగినది. 11వ శతాబ్దికి చెందిన ఇటలీ దేశపు క్రైస్తవ సన్న్యాసి గీదో పేర, వ్రేళ్ళ కణుపులపై స్వరనామాలు వ్రాసి బాలురకు దేవాలయగానం నేర్పే పద్ధతి ఐరోపా అంతటా శతాబ్దాలపాటు నడిచినది. గానాన్ని జ్ఞాపకంలో నిలుపుకోవలసిన ప్రతి సమాజానికి మొదట దొరికిన గ్రంథం అరచేయి.

ఇక తాళం సంగతి. భరతముని నాట్యశాస్త్రం స్వరాలకు దారవీ వీణ, శారీరీ వీణ అనే రెండు ఆశ్రయాలను చెప్పి, తాళక్రియలను సశబ్దాలు, నిశ్శబ్దాలు అని విభజించినది. కుడిచేతి ఘాతం శమ్య, ఎడమచేతి ఘాతం తాళం, రెండు చేతులూ కలిస్తే సన్నిపాతం. చిటికెతో కూడిన హస్తపాతం ధ్రువం. ఈ నాలుగూ సశబ్దాలు. ఆవాపం, నిష్క్రామం, విక్షేపం, ప్రవేశం అనే నాలుగూ శబ్దం లేని హస్తచలనాలు. మౌనానికి కూడా చేతిలో ఒక కదలికను, ఒక పేరును ఇచ్చిన శాస్త్రం ఇది. నేడు కచేరీలో ముందువరుసలో కూర్చొని తొడపై తాళం వేసే రసికుడు, తాను ఎరుగకయే, ఆ ప్రాచీన క్రియలకు వారసుడు. అతడు శ్రోత మాత్రమే కాదు, ఆ గానంలో ఒక అంగం.

పిండం నుండి నాదం

శరీరవీణకు సంపూర్ణశాస్త్రం నిర్మించినవాడు శార్ఙ్గదేవుడు. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఆయన సంగీతరత్నాకరాన్ని రచించాడు. సంగీతశాస్త్రం తెరచినవాడు రాగాలో తాళాలో ముందుగా ఉంటాయని భావిస్తాడు. ఆయన మాత్రం ఆరంభంలోనే పిండోత్పత్తి ప్రకరణాన్ని నిలిపాడు. గర్భంలో దేహం ఏర్పడే క్రమం, అంగాలు, నాడులు, చక్రాలు అన్నీ వర్ణించిన తరువాతనే నాదం ప్రస్తావనకు వచ్చాడు. వాద్యం నిర్మాణం తెలియనివానికి వాదనం చెప్పడం ఎట్లు అని ఆయన భావం కాబోలు.

ఆయన చెప్పిన క్రమం ఇది. పలుకదలచిన ఆత్మ మనస్సును ప్రేరేపిస్తుంది. మనస్సు దేహంలోని అగ్నిని తాడిస్తుంది. అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది. ఆ వాయువు ఊర్ధ్వముఖంగా చరిస్తూ నాభి, హృదయం, కంఠం, శిరస్సు, ముఖం అనే ఐదు స్థానాలలో క్రమంగా అతిసూక్ష్మ, సూక్ష్మ, పుష్ట, అపుష్ట, కృత్రిమ నాదాలుగా వ్యక్తమవుతుంది. నకారం ప్రాణమని, దకారం అగ్ని అని, వాటి సంయోగమే నాదమని నిర్వచనం. హృదయంలో అడ్డముగా ఇరువదిరెండు నాడులు ఉన్నాయని, వాయువు వాటిని తాకగా ఇరువదిరెండు శ్రుతులు పుడతాయని, కంఠంలోను శిరస్సులోను కూడా ఇదే క్రమమని చెప్పాడు. ఆ తరువాత వచ్చే మాట ఈ వ్యాసానికి ప్రాణం. దేహంలోని ఆ శ్రుతులను స్పష్టపరచడానికై రెండు వీణలపై నిదర్శనం చూపుతానని ఆయన అంటాడు. ఒకటి కదలని శ్రుతి గల ధ్రువవీణ, మరొకటి శ్రుతి మార్చుకొనే చలవీణ. అనగా శార్ఙ్గదేవుని దృష్టిలో కూడా కొయ్యవీణ నిదర్శనం మాత్రమే. నిదర్శింపబడేది దేహం.

ఈ మహాగ్రంథానికి 14వ శతాబ్దిలో 'సంగీతసుధాకరం' అనే వ్యాఖ్యను సమకూర్చినవాడు తెలుగు ప్రభువు, రాచకొండను ఏలిన రేచర్ల సింహభూపాలుడు. రాచకొండ మన పల్నాటికి కృష్ణ ఆవలనున్న సీమలోనిదే. యుద్ధాల నడుమ రాజ్యం చేసిన ఒక తెలుగు రాజు దేహంలో నాదం పుట్టే విధానంపై వ్యాఖ్య వ్రాయడం మనం గర్వించదగిన సంగతి.

శాస్త్రం రాజాస్థానంలో పుట్టినా, దానిని సామాన్య భక్తుని నోటికి అందించినవాడు త్యాగరాజస్వామి (1767–1847). కాకర్ల ఇంటిపేరు గల ఆ తెలుగు మహనీయుడు కావేరీతీరంలో ఉంఛవృత్తితో జీవిస్తూ 'మోక్షము గలదా' అనే సారమతిరాగ కృతిలో ప్రాణం, అనలం కలియగా ప్రణవనాదం సప్తస్వరాలుగా పరిణమించే తత్త్వాన్ని తెలియనివారికి మోక్షం ఉన్నదా అని ప్రశ్నించాడు. జగన్మోహినిరాగంలోని 'శోభిల్లు సప్తస్వర' కృతిలో నాభి మొదలుకొని దేహస్థానాలలో శోభిల్లే స్వరాలనే సుందరులుగా భావించి భజించమని మనస్సుకు ఉపదేశించాడు. 'నాదతనుమనిశం' కృతిలో పరమశివునికే నాదం తనువు అన్నాడు. జీవుని తనువులో నాదం ఉన్నది, ఈశ్వరునికి నాదమే తనువు. ఈ రెండు వాక్యాల నడుమనున్న దూరమే సాధకుడు నడువవలసిన మార్గం.

బుర్ర అనే మాట

ఇంతవరకు చెప్పినది శాస్త్రమార్గం. జానపదమార్గం దీనికి దూరమైనది కాదు. తెలుగులో 'బుర్ర' అంటే తల. తంబురా క్రిందిభాగాన ఉండే గుండ్రని ధ్వనిగర్భం కూడా బుర్రయే. ఆ వాద్యాన్ని భుజాన ధరించి చెప్పే కథ బుర్రకథ. దేహానికీ వీణకూ అంగాంగసామ్యం చెప్పిన ఆరణ్యకాన్ని ఆ పేరు పెట్టిన జనం చదివి ఉండకపోవచ్చు. వారి భాష మాత్రం అదే సామ్యాన్ని ఒక్క మాటలో నిలుపుకొన్నది.

బుర్రకథకుని చూడండి. భుజాన తంబురా, బొటనవ్రేలికి లోపల గుండ్లు మ్రోగే అందె, పాదాలకు గజ్జెలు. అతడు అడుగు వేస్తే లయ, వ్రేలు కదిలిస్తే తాళం, నోరు తెరిస్తే కథ. ఇరుప్రక్కల వంతలు అతని మాటను అందుకొంటారు. ఎదుట కూర్చున్నవారు ఊకొడతారు. కథకుని దేహం, శ్రోతల ఊపిరి ఒకే వాద్యంలో రెండు భాగాలై నడుస్తాయి. గుంటూరు సీమలోని పొన్నెకల్లు గ్రామంలో 1920లో జన్మించిన షేక్ నాజర్ ఈ కళకు సామ్రాట్టు. ఆయన చెప్పిన కథలలో పల్నాటి యుద్ధం ప్రఖ్యాతమైనది. 1986లో భారతప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఇస్లాం కుటుంబంలో జన్మించిన కళాకారుడు, బ్రహ్మనాయుని, బాలచంద్రుని గాథలతో ఆంధ్రదేశాన్ని కదిలించాడు. దైవీ వీణకు మతభేదం లేదు.

ఆ పల్నాటి వీరులకు నేటికీ కారెంపూడిలో ఆరాధన జరుగుతున్నది. కార్తిక అమావాస్యతో ఆరంభమై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదుదినాలు సాగుతుంది. వీరవిద్యావంతులు గాథలు గానం చేస్తుండగా వీరాచారాన్ని పాటించేవారు వీరుల ఆయుధాలు ధరించి ఆవేశం పొందుతారు. అక్కడ పాట వినేవాని దేహం మౌనంగా ఉండదు. గానం ఒక కంఠంలో పుట్టి మరొక దేహంలో మ్రోగుతుంది. ఒక తంత్రిని మీటితే సమానశ్రుతిలో ఉన్న వేరొక తంత్రి తానే కంపిస్తుందని వైణికులకు తెలుసు. వీరారాధనలో జరిగేది మనుష్యుల మధ్య అటువంటి కంపనమే.

పాశ్చాత్యులు అదే ద్వారం వద్దకు వచ్చిన వైనం

ఇప్పుడు దృష్టిని కొంత దూరం మరలించాలి. 20వ శతాబ్దిలో పాశ్చాత్యదేశాలలో, శరీరాన్నే వాద్యంగా చేసి, చూడవచ్చినవాని కదలికలకు ధ్వని సమాధానం చెప్పే ఒక నూతనకళ ఉదయించినది. దానిని పరస్పరస్పందన నాదకళ అనవచ్చు. 1920లో రష్యా శాస్త్రజ్ఞుడు థెరెమిన్, తాకకుండనే మ్రోగే విద్యుద్వాద్యాన్ని నిర్మించాడు. దాని సమీపంలో చేతులు కదిలిస్తే చాలు, స్వరం మారుతుంది.

ఈ ధోరణికి తాత్త్వికమైన మలుపునిచ్చిన అమెరికా స్వరకర్త జాన్ కేజ్. దాని వెనుక ఒక భారతీయ స్త్రీ ఉండడం విశేషం. అహమ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయి 1946లో న్యూయార్కు వెళ్ళి, కేజ్ వద్ద పాశ్చాత్యసంగీతం నేర్చుకొంటూ ఆయనకు భారతీయసంగీతం బోధించినది. సంగీతానికి ప్రయోజనం ఏమిటని కేజ్ ప్రశ్నించగా, మనస్సును శాంతపరచి దివ్యప్రభావాలకు పాత్రమయ్యేట్లు చేయడమని తన గురువు మాటను ఆమె వినిపించినది. ఆ మాట కేజ్ జీవితాన్ని మార్చినది. 1951లో ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఏ శబ్దమూ ప్రతిధ్వనించని గదిలో ప్రవేశించాడు. అక్కడ కూడా ఆయనకు రెండు ధ్వనులు వినిపించాయి. ఒకటి ఉచ్చం, ఒకటి మంద్రం. మంద్రమైనది రక్తప్రసారమని, ఉచ్చమైనది నాడీమండలమని అక్కడి సాంకేతికుడు చెప్పాడట. నాడీమండలం గురించిన వివరణను తరువాతివారు సందేహించారు. ఏమైనా, బ్రతికి ఉన్నవానికి సంపూర్ణనిశ్శబ్దం లేదని కేజ్ గ్రహించాడు.

ఇక్కడ సాధకులకు ఒక హెచ్చరిక అవసరం. కేజ్ విన్నది అనాహతనాదమే అని త్వరపడి చెప్పరాదు. అనాహతం గురూపదిష్టమార్గంలో మునులు ఉపాసించేదని, ముక్తిప్రదమే గాని జనరంజకం కాదని శార్ఙ్గదేవుడు స్పష్టంగా చెప్పాడు. స్వాత్మారాముని హఠయోగప్రదీపిక నాదానుసంధానానికి ఆరంభం, ఘటం, పరిచయం, నిష్పత్తి అని నాలుగు అవస్థలను నిరూపించినది. ఆభరణాల సవ్వడి, భేరి, మద్దెల, వేణువీణల వంటి ధ్వనులను క్రమంగా విని, చివరకు వినే మనస్సే అందులో లయించాలి. రక్తప్రవాహపు చప్పుడు వినడం శరీరవిజ్ఞానం, మనస్సు లయించడం యోగం. రెండింటికీ ద్వారం ఒకటే కావచ్చు గాని, గమ్యం ఒకటి కాదు.

1965లో ఆల్విన్ లూసియే అనే స్వరకర్త అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన తలపై విద్యుత్‌గ్రాహకాలు అమర్చుకొని కన్నులు మూసి కూర్చున్నాడు. మెదడులో పుట్టే ఆల్ఫా తరంగాలు సెకనుకు దాదాపు ఎనిమిది నుండి పదమూడు స్పందనలు గలవి. మనుష్యుని చెవికి అవి అందవు. వాటిని వర్ధిల్లజేసి ధ్వనివర్ధకాలకు పంపగా, ఆ కంపనానికి సమీపంలోని ఢక్కాలు, గంటలు మ్రోగాయి. చిత్రమేమంటే, ఆ తరంగాలు మనస్సు విశ్రాంతిగా ఉన్నప్పుడే ప్రబలుతాయి. వాయించాలని ప్రయత్నిస్తే వాద్యం ఆగిపోతుంది. ప్రయత్నం విడిచిన క్షణంలో మరల మ్రోగుతుంది. కర్తృత్వాన్ని విడువనిదే మ్రోగని వాద్యం అది.

1980 దశకంలో కెనడా కళాకారుడు డేవిడ్ రోక్‌బీ కెమెరాను, గణనయంత్రాన్ని జోడించి, గదిలో ప్రవేశించిన మనుష్యుని ప్రతి కదలికనూ ధ్వనిగా మార్చే నిర్మాణం చేశాడు. 1986లో అది వెనిస్ కళాప్రదర్శనలో ప్రదర్శింపబడినది. చేయి ఎత్తితే ఒక నాదం, నిలిచిపోతే మౌనం. వాద్యాన్ని కళాకారుడు వాయించడు, చూడవచ్చినవాడే వాద్యమూ వాదకుడూ అవుతాడు. మన భజనమండలిలో ప్రేక్షకుడనేవాడు లేనట్లే ఇక్కడా లేడు. వారు యంత్రసహాయంతో చేరుకొన్న ఈ స్థితిని మనం యంత్రసహాయంతోనే పోగొట్టుకొంటున్నాము.

వాదకుడు ఎవరు?

ఇక మిగిలినది రెండవ ప్రశ్న. వాద్యం శరీరమైతే వాయించేది ఎవరు? పాశ్చాత్యకళ ఈ ప్రశ్నను చూడవచ్చినవాని చేతిలో ఉంచి నిష్క్రమిస్తుంది. కేనోపనిషత్తు ఈ ప్రశ్నతోనే ఆరంభమవుతుంది. ఎవని ప్రేరణచేత మనస్సు ప్రవర్తిస్తున్నది, ఎవని సంకల్పంచేత వాక్కు వెలువడుతున్నది అని శిష్యుడు అడుగుతాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశిస్తూ వీణనే దృష్టాంతంగా గ్రహించాడు. వీణ మ్రోగుతుండగా వెలువడే ధ్వనులను బయట విడివిడిగా పట్టుకోవడం శక్యం కాదు. వీణను గాని, వీణావాదకుని గాని పట్టుకొంటే ఆ ధ్వనులన్నీ పట్టుబడతాయి. ఈ జగత్తులోని నామరూపాలను వేరువేరుగా తెలుసుకోబోతే అంతం లేదు, వాటికి ఆధారమైన ఆత్మను గ్రహిస్తే సర్వం గ్రహింపబడుతుంది. ఇది ఆ దృష్టాంతానికి తాత్పర్యం.

దీనిని మన రాత్రి భజనకు అన్వయించుకొందాము. యంత్రం నుండి వచ్చే పాటలో ధ్వని ఉన్నది. పట్టుకోవడానికి వీణ ఎదుట లేదు, వాదకుడూ లేడు. అది మధురంగా ఉండవచ్చు, శ్రుతిశుద్ధంగా ఉండవచ్చు, గొప్ప విద్వాంసులు పాడినదై ఉండవచ్చు. కాని అరచేతిలో పుట్టిన చప్పుడుకు ఉన్న ఒక గుణం దానికి లేదు. చప్పుడు వెంట వెనుకకు నడిచిపోతే చేయి దొరుకుతుంది. చేయి వెనుక మనస్సు, మనస్సు వెనుక ప్రాణం, ప్రాణం వెనుక దానిని ప్రేరేపించేవాడు. యాజ్ఞవల్క్యుడు చూపిన మార్గం మనకు లభించిన ఈ దేహవీణలోనే తెరచి ఉన్నది. దానిని మ్రోగించక మూల పెట్టి ఇతరుల నాదాన్ని అద్దెకు తెచ్చుకొనేవాడు దారిని వదలిపెట్టి దారిపటాన్ని చూస్తూ కూర్చున్నవాని వంటివాడు.

ధ్వనివర్ధకాన్ని నిషేధించాలని నా అభిప్రాయం కాదు. దూరాన ఉన్న వృద్ధులకు, రోగులకు నామం వినిపించడంలో దానికి ప్రయోజనం ఉన్నది. సద్గురువుల గానం, వేదపారాయణం ముద్రణరూపంలో లభించడం కూడా మన భాగ్యమే. కాని సామగానం వ్రేళ్ళపై నిలిచినది గురువు ఎదుట శిష్యుడు కూర్చుండడంచేత. బుర్రకథ నిలిచినది ఊకొట్టేవారు ఉండడంచేత. భజన నిలిచినది చేతులు కలపడంచేత. వినేవారు కేవలం వినేవారుగా మారిననాడు ఈ మూడూ ముద్రణలలో భద్రంగా ఉంటాయి, మనుష్యులలో ఉండవు. అమరావతి శిల్పంలోని వీణ కూడా భద్రంగానే ఉన్నది. దానిని మీటగలవారే లేరు.

అందుచేత భక్తజనులకు ఒక చిన్న విన్నపం. మీ గ్రామంలో, మీ ఇంట, వారంలో ఒక సాయంకాలం యంత్రం లేకుండా నామం చెప్పండి. స్వరం తప్పినా చింతలేదు. పిల్లలకు ముందుగా చేతితో తాళం వేయడం నేర్పండి. కొంతసేపటి తరువాత చప్పుడు ఆపి, కన్నులు మూసి, ఇంతవరకు మ్రోగినది ఏమి, మ్రోగించినది ఎవరు అని విచారించండి. ఆ విచారణకు పాండిత్యం అవసరం లేదు. రెంటచింతల చీకటిలో ఆ వృద్ధమాత చెప్పినట్లు, చేతులు ఉన్నాయి కదా.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.